మోకాళ్లకు ఒక వంటిల్లు, మరపుకు ఇంకో వంటిల్లు

మా అమ్మకు 76 ఏళ్లు. తెనాలిలో సొంతింట్లో ఒక్కతే ఉంటుంది. అత్తమ్మకు 79. మామయ్య పోయాక హైదరాబాద్‌లో రెండు గదుల ఫ్లాటులో ఆమె కూడా ఒక్కతే. మా దగ్గరికి వచ్చేయమని ఎన్నిసార్లు అడిగినా ఇద్దరిదీ ఒకటే జవాబు, యాసే వేరు. "నా కూడు నేను వండుకోగలిగినన్నాళ్లు నన్ను కదపొద్దే" అంటుంది అమ్మ. "నాకేమైంది బిడ్డా, మంచిగనే ఉన్న గద" అంటుంది అత్తమ్మ. సరే, ఎక్కడివాళ్లు అక్కడే ఉండండి, వంటిల్లు మాత్రం కాస్త సర్దుదాం అన్నాం. అది మొదలుపెట్టి రెండేళ్లయింది. కొంత డబ్బు దండగైంది, కొంత బాగా పనికొచ్చింది.

దండగ ఎక్కడ అయిందో ముందే చెప్పేస్తాను. ఇద్దరికీ ఒకే రోజు ఒకే రకం ఇండక్షన్ స్టవ్ కొన్నాం. అత్తమ్మకు అది ప్రాణం నిలబెట్టినంత పని చేసింది. అమ్మ దగ్గర పోపుల డబ్బా పెట్టుకునే పీట అయింది. తప్పు స్టవ్‌ది కాదు. అమ్మకు మోకాళ్లు, వేళ్లు సహకరించవు గాని బుర్ర పాదరసం. అత్తమ్మ ఇప్పటికీ చకచకా వంగి లేస్తుంది, కానీ పాలు పొయ్యి మీద పెట్టి టీవీ ముందు కూర్చుంటే ఇక అంతే. అందుకే ఏ వస్తువు కొనాలి అనేముందు తేల్చుకోవాల్సింది ఒకటే: మీ ఇంట్లో పెద్దవాళ్లకు అడ్డం వస్తున్నది ఒళ్లా, మరపా, చూపా? ఒకదానికి మందైనది ఇంకోదానికి పనికిరాదు.

అది అడిగితే తెలియదు, చూడాలి. ఒక పూట వంటింట్లో ఓ మూల కుర్చీ వేసుకుని, సాయం చేయకుండా కూర్చోండి. చేతిలో కాగితం, పెన్ను. ఎన్నిసార్లు వంగారు, ఎన్నిసార్లు ముంగాళ్ల మీద లేచారు, లేచేటప్పుడు చెయ్యి దేని మీద ఆనించారు, కొంగు ఎటు వేలాడుతోంది. అన్నం, పప్పు, వంకాయ కూర వండడానికి అమ్మ పదకొండు సార్లు వంగింది. బియ్యం డబ్బా కింద, ఉల్లిపాయల బుట్ట కింద, కుక్కర్ కింద, చెత్తబుట్ట కింద, గ్యాస్ రెగ్యులేటర్ అన్నిటికంటే కింద. ఇందులో సగం పైసా ఖర్చు లేకుండా పోయాయి. రోజూ వాడేవన్నీ నడుముకీ భుజానికీ మధ్య ఎత్తులోకి తెచ్చాం. బరువైనవి నడుము దగ్గర, తేలికైనవి భుజం దగ్గర. బియ్యం బస్తా (2022లో 25 కిలోల లోపు పాకెట్లకు జీఎస్టీ వచ్చాక మా వైపు అది 26 కిలోలైంది) కొట్టువాడి చేతే విప్పించి, అయిదేసి కిలోల డబ్బాల్లో పోయించుకుంటోంది. అటక మీద గంగాళాలు, ఇత్తడి సామాను ఇక నా బాధ్యత అని చెప్పి స్టూలు నాతో తెచ్చేసుకున్నాను. నాలుగు రోజులు అలిగింది.

పొయ్యి దగ్గరే అసలు లెక్క

డబ్బు పెట్టాల్సింది ఏదైనా ఉందంటే ముందు ఇక్కడే. కాబట్టి కొంచెం సాగదీస్తాను.

సిలిండర్ గ్యాస్ పొయ్యికి పెద్ద సుగుణం, ఆ చేతులకు అది యాభై ఏళ్లుగా తెలుసు. మంట చూసి పోపు ఎప్పుడు వేయాలో తెలుస్తుంది, కరెంటు పోయినా వంట ఆగదు. ఇబ్బందులు నాలుగు. బరువు: 14.2 కిలోల గ్యాస్, పైన ఇనుము బరువు కలిపి నిండు సిలిండర్ దాదాపు 30 కిలోలు. వంగుడు: రాత్రి రెగ్యులేటర్ ఆపాలంటే నేల దాకా వంగాలి, అందుకే చాలామంది పెద్దవాళ్లు ఆపడమే మానేస్తారు. వాసన: వయసుతో ముక్కు మందగిస్తుంది, లీకైనా పసిగట్టలేకపోవచ్చు. నాలుగోది కొంగు.

బరువుకు మూడు దారులున్నాయి. చక్రాల స్టాండు చవక, కానీ కొత్త సిలిండర్ దాని మీదికి ఎక్కించేది ఎవరన్న ప్రశ్న అలాగే ఉంటుంది. తెచ్చినవాడి చేతే అప్పటికప్పుడు మార్పించి, లీకు చూపించుకోవడం అలవాటు చేయండి. అయిదు కిలోల చిన్న సిలిండర్ తేలికే గాని మాటిమాటికీ బుక్ చేయాలి. ఫైబర్‌తో చేసిన 10 కిలోల కాంపోజిట్ సిలిండర్ మామూలు దానిలో సగం బరువే ఉంటుంది, లోపల ఎంత గ్యాస్ ఉందో బయటికి కనబడుతుంది. డిపాజిట్ ఎక్కువ, అన్నిచోట్లా దొరకదు. మీ ఏజెన్సీలో అడిగి చూడండి. మేం చేసింది వేరు: సిలిండర్‌ను వెనక వసారాలో పెట్టించి, గోడలోంచి రాగి పైపు లాగించి, వంటగట్టు ఎత్తులో ఒక వాల్వ్ పెట్టించాం. ఏజెన్సీ మెకానిక్ చేతే చేయించాలి, వీధిలో ప్లంబర్‌తో కాదు. ఇప్పుడు అమ్మ వంట అవగానే నిలబడే ఆ పిడి తిప్పేస్తుంది. మా ఖర్చులన్నిటిలో నాకు బాగా నచ్చింది ఇదే.

వాసన సంగతికి లీక్ అలారం. కొనడం తేలిక, పెట్టే చోటే చాలామంది తప్పు చేస్తారు. సిలిండర్ గ్యాస్ గాలికంటే బరువు, నేల మీద పరుచుకుంటుంది. కాబట్టి అలారం నేలకు అడుగు ఎత్తులో ఉండాలి. పైపుల్లో వచ్చే సహజవాయువు గాలికంటే తేలిక, పైకి పోతుంది. దానికి అలారం పైకప్పు దగ్గర ఉండాలి. తెనాలిలో కింద పెట్టించి, హైదరాబాద్‌లో అత్తమ్మది పైపు గ్యాసైనా అక్కడా అలాగే కింద పెట్టించబోయాను. బిగించే కుర్రాడే ఆపాడు. గ్యాస్ లీకైతే పిలవాల్సిన 1906 నంబరును అరచేయంత అంకెలతో రాసి గోడకు అంటించండి, ఫోన్లోనూ వేసిపెట్టండి. పైపు గ్యాస్ ఇంట్లో ఆ కంపెనీ ఎమర్జెన్సీ నంబరు రాయండి. నారింజ రంగు సురక్ష గొట్టం మీద తేదీ ఉంటుంది, అయిదేళ్లకు మార్చాలి.

మంట ఆరిపోతే గ్యాస్‌ను దానంతటదే ఆపేసే పొయ్యిలున్నాయి. కొట్టులో ఎఫ్‌ఎఫ్‌డీ ఉన్నదా అని అడగాలి. బర్నర్ పక్కన చిన్న పుల్లలాంటిది ఉంటుంది. అది వేడిగా ఉన్నంతసేపే గ్యాస్ వస్తుంది. పాలు పొంగి మంట ఆరినా, ఫ్యాను గాలికి ఆరినా కాసేపట్లో గ్యాస్ ఆగిపోతుంది. మంచిదే. కానీ వెలిగించేటప్పుడు ఆ పుల్ల వేడెక్కేదాకా నాబ్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలి. కీళ్లు వాచిన వేళ్లకు అదో శిక్ష. అందుకని కొట్టుకు వాళ్లను తీసుకెళ్లి వాళ్ల చేతే నొక్కించి చూడాలి. ఇంకో మాట, ఇది మరపుకు మందు కాదు. గిన్నె మాడిపోతున్నా మంట మండుతూనే ఉంటుంది, అది ఆరితేనే కదా ఇది పనిచేసేది! మతిమరుపు ఉన్నవాళ్లకు కావాల్సింది టైమర్.

అందుకే అత్తమ్మకు ఇండక్షన్ సరిపోయింది. పది నిమిషాలు పెడితే పది నిమిషాలకు ఆగిపోతుంది. గిన్నె తీసేస్తే ఆగిపోతుంది. కొంగు అంటుకునే మంట లేదు. ఇక మెలికలు. నున్నటి టచ్ ప్యానెల్ ఉన్నది కొనకండి, తడి వేళ్లకు, ఎండిన వేళ్లకు రెండిటికీ మొండికేస్తుంది. నొక్కితే లోపలికి వెళ్లే బటన్లో, తిప్పే నాబో ఉన్నది తీసుకోండి. మేం పాలకు ఒకటి, ఆపడానికి ఒకటి, రెండు బటన్ల మీద రెండు రంగుల బొట్టుబిళ్లలు అంటించాం. "ఆకుపచ్చ నొక్కితే పాలు, ఎరుపు నొక్కితే బంద్." మిగతా బటన్ల సంగతి ఆమెకు అక్కర్లేదు. గిన్నెలు అయస్కాంతం పట్టుకోవాలి. ఫ్రిజ్ మీద బొమ్మ తీసుకుని ఒక్కో గిన్నె అడుగున పెట్టి చూడండి. అల్యూమినియం, ఇత్తడి, కొన్ని స్టీలు గిన్నెలు పనికిరావు. 16 ఆంప్స్ ప్లగ్గు స్టవ్ పక్కనే ఉండాలి, ఎక్స్‌టెన్షన్ బాక్సులతో లాగొద్దు. మామూలు ఇన్వర్టర్ ఈ లోడు మోయదు, కాబట్టి కరెంటు పోయే ఊళ్లో ఇదొక్కటే నమ్ముకోలేం. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు స్టవ్‌కు రెండడుగుల దూరం పాటించాలంటారు. వంటకు అది కుదరని పని, ముందు గుండె డాక్టర్‌ను అడగండి.

మరి అమ్మకు ఎందుకు పనికిరాలేదు? ఇండక్షన్ కుక్కర్ల అడుగు మందం, మామూలు కుక్కర్ కంటే బరువు. ఆ బరువు ఆమె మణికట్టుకు ఎక్కువైంది. మరపు లేని మనిషికి టైమర్‌తో పనేముంది.

ఏ గిన్నె అయినా పనిచేస్తుంది అని చెప్పి కొట్టులో ఇన్‌ఫ్రారెడ్ స్టవ్ అంటగడతారు. మరపు ఉన్న ఇంట్లో అది వద్దంటాను. గిన్నె తీసినా వేడి ఆగదు, ఆపాక కూడా గాజు చాలాసేపు కాలుతూనే ఉంటుంది.

అత్తమ్మ ఫ్లాటులో పైపు గ్యాస్ ఉంది. సిలిండర్ గోల లేదు గాని మంట మంటే. దాని వాల్వ్ మూసి ఉంచి, ఆదివారం మేం వెళ్లినప్పుడే తెరుస్తాం. ఈ ఒప్పందానికి ఆమెను ఒప్పించడానికి మూడు నెలలు పట్టింది. అన్నాళ్లూ గ్యాసూ ఇండక్షనూ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఇందులో తొందర చేయాల్సిన సంగతి ఒకటే: మరపు మొదలైన రోజుల్లోనే కొత్త స్టవ్ అలవాటు చేయండి. ముదిరాక ఒక కొత్త బటన్ నేర్పడం కూడా కష్టం. అత్తమ్మకు మరపు మొదలైందని మాకు ఎలా తెలిసిందంటే, వాషింగ్ మెషీన్ వెనక మాడిపోయిన పాలగిన్నెలు మూడు దొరికాయి. ఆమె చెప్పలేదు, దాచేసింది. మీరూ ఓసారి వెతికి చూడండి.

పగలగొట్టి కట్టడమా, ఉన్నది సర్దడమా

అమ్మ వంటిల్లు మొత్తం తీసేసి మాడ్యులర్ చేయిద్దామని మా అన్నయ్య పట్టుబట్టాడు. పైనుంచి కిందికి దిగే అల్మరాలు, మెత్తగా మూసుకునే డ్రాయర్లు, ఫొటోల్లో చాలా బాగుంటాయి. నేను అడ్డుపడ్డాను. లక్షల ఖర్చు, నెల రోజులు ఆమె ఎక్కడో ఒకచోట ఉండాలి. అవి ఓర్చుకోవచ్చు. చీకట్లో చెయ్యి చాపితే ఉప్పు ఎక్కడుందో చేతికి తెలిసిన వంటిల్లు అది, ఆ తెలివిని కూడా పగలగొట్టినట్టే. మరపు ఉన్నవాళ్లకైతే ఇది ఇంకా ప్రమాదం. అన్నీ కొత్త చోట్ల ఉంటే సొంత వంటింట్లోనే దారి తప్పుతారు. నన్నడిగితే పూర్తి మార్పు రెండు సందర్భాల్లోనే: ఇల్లు ఎలాగూ కొత్తగా కడుతున్నప్పుడు, లేదా చక్రాల కుర్చీ తప్పనిసరి అయినప్పుడు. చక్రాల కుర్చీకి తిరగడానికి అయిదడుగుల ఖాళీ కావాలి, మోకాళ్లు దూరడానికి గట్టు కింద 27 అంగుళాల ఎత్తు తెరిచి ఉండాలి. అది సర్దుబాట్లతో అయ్యేది కాదు.

మిగతావాళ్లకు వడ్రంగి ఒక పూట పని చాలు. కింది అల్మరాల్లో తలుపులు తీసి లాగే అరలు పెట్టించండి. తలుపు తీసి, మోకాళ్ల మీద కూర్చుని, లోపలికి చెయ్యి పెట్టి తడుముకునే బాధ ఉండదు. గుండీలాంటి పిడులు తీసి చేతి నాలుగు వేళ్లూ దూరే పిడులు వేయించండి. అత్తమ్మ ఇంట్లో పై అల్మరాల తలుపులే పూర్తిగా తీసేశాం. కంటికి కనబడితే గుర్తుంటుంది. స్టీలు డబ్బాల స్థానంలో లోపలిది కనబడే డబ్బాలు పెట్టాం. "ఇల్లు దుకాణం లెక్క చేసిన్రు" అంది. నిజమే, అలాగే ఉంది. పొయ్యి మీద, పొయ్యి వెనక మాత్రం ఏ గూడూ ఉండకూడదు. మంట మీదుగా చెయ్యి చాపితే ముందు అంటుకునేది కొంగే.

కుళాయి సంగతి: తిప్పి తిప్పి బిగించేవి తీసేసి, మోచేత్తో తోసినా తిరిగే పిడి ఉన్నవి పెట్టించండి. వందల్లో అయ్యే పని, రోజుకు ముప్పైసార్లు ఉపయోగం.

గట్టు ఎత్తు

మన వంటగట్లు ఎక్కువగా 32 నుంచి 34 అంగుళాల ఎత్తుంటాయి. అమ్మ ఎత్తు అయిదడుగుల లోపే, వయసుతో ఇంకాస్త తగ్గింది. గట్టు మీద పొయ్యి అయిదు అంగుళాలు, దాని మీద గిన్నె ఆరు. కలిపితే 45 అంగుళాలు, ఆమె మోచేతికి చాలా పైన. అంటే ప్రతి తిప్పుడుకీ భుజం లేస్తుంది, గిన్నెలోకి కనబడదు. పీట వేసుకుని నిలబడుతోందట ఇన్నాళ్లూ! దారులు మూడు. గట్టులో పొయ్యి ఉన్నచోట రాయి కోయించి పొయ్యిని కిందికి దించడం, శుభ్రమైన పని, కానీ అందరు మేస్త్రీలకూ చేతకాదు. గట్టంతా పగలగొట్టి దించడం, సింకు కూడా మార్చాల్సివస్తుంది. వెల్డింగ్ షాపులో 28 అంగుళాల ఎత్తున ఇనుప బల్ల చేయించి, పైన గ్రానైట్ ముక్క వేసి పొయ్యి దాని మీదికి మార్చడం. మేం మూడోది చేశాం. బాగా లేకపోతే బల్ల తీసేయొచ్చు, రాయి కోస్తే అతకదు కదా.

కూర్చుని వండడం మీద నాకు అనుమానం ఉంది. మరిగే పులుసు తొణికితే ఒడిలో పడుతుంది. అందుకని కూర్చుని తరుగుతుంది, నిలబడి వండుతుంది. నేల మీద కత్తిపీట వేసుకుని కూర్చుంటే లేవడానికి పక్కింటివాళ్లను పిలవాల్సి వచ్చేది. బల్లకు బిగించుకునే చిన్న కత్తిపీటలు దొరుకుతాయి, అది తెచ్చాం. చేతులున్న కుర్చీయే కొనండి. స్టూలు వద్దు, కాళ్లకు చక్రాలుండి జారిపోయే ఆఫీసు కుర్చీ అసలే వద్దు. కుర్చీ చేతుల మీద ఆనుకునే కదా లేచేది.

మంచినీళ్లు, అన్నం, పిండి

20 లీటర్ల క్యాను అంటే 20 కిలోలు. తలకిందులుగా బోర్లించే స్టాండు పెద్దవాళ్ల ఇంటికి కాదు. క్యాను మూతి మీద బిగించే చార్జింగ్ పంపు కొన్ని వందలే, క్యాను తెచ్చినవాడు కింద పెట్టి వెళితే చాలు, నొక్కితే నీళ్లొస్తాయి. అమ్మకు అదే. గోడకు బిగించే ఆర్‌ఓ మిషన్ బరువు బాధ పూర్తిగా తీసేస్తుంది గాని ఏటా సర్వీసు, వృథా నీళ్లు. ఫ్లాటులో మనిషిని పిలిపించడం సులువు కనుక అత్తమ్మకు అది పెట్టాం.

అన్నం వార్చడమే నా లెక్కలో వంటింట్లోకెల్లా ప్రమాదకరమైన పని. మరిగే గంజి, రెండు చేతులా వేడి గిన్నె, ఆవిరికి కళ్లు కనబడవు. ఒక లీటరు ఎలక్ట్రిక్ కుక్కర్ కొంటే ఆ పనే ఉండదు, ఉడకగానే అదే ఆగుతుంది, మోకాళ్లవాళ్లకూ మరపువాళ్లకూ ఇద్దరికీ పనికొచ్చే వస్తువు నాకు ఇదొక్కటే కనబడింది. వార్చిన అన్నమే షుగరుకు మంచిదని అమ్మ నెల రోజులు వాదించింది. పప్పుకు ప్రెషర్ కుక్కర్ తప్పదనుకుంటే చిన్నది, మూత బయటినుంచి బిగించేది చూడండి. లోపలికి దూర్చి తిప్పే మూతకు మణికట్టు మెలిక కావాలి. కొనేముందు ఇదీ వాళ్ల చేత్తోనే.

గ్రైండర్ గురించి పెద్దగా చెప్పను. రాళ్లు ఎత్తి కడగడం కంటే వీధి చివర దోసెల పిండి కొనుక్కోవడం మేలు. రాళ్లు ఎత్తకుండా గిన్నెనే వంచి పిండి తీసుకునే గ్రైండర్లున్నాయి, కానీ ఒక్క మనిషికి ఎంత పిండి కావాలి? కర్రీ పాయింట్‌ను కూడా చిన్నచూపు చూడకండి. అన్నం ఇంట్లో, కూర బయట, వారానికి రెండు రోజులు అలా గడిపినా సొంతంగా ఉన్నట్టే. ఉప్పు, నూనె ఎక్కువ కనుక బీపీ ఉన్నవాళ్లు రోజూ మాత్రం వద్దు.

నేల, వెలుతురు. అరవై దాటిన కంటికి ఇరవై ఏళ్ల కంటికంటే దాదాపు మూడు రెట్లు వెలుతురు కావాలంటారు. ఇంటి మధ్యలో ట్యూబ్‌లైటు ఉంటే గట్టు మీద వాళ్ల నీడే పడుతుంది. గూటి కింద పొడుగాటి ఎల్‌ఈడీ పట్టీ వేయించండి. పాతచీరల పట్టాలు గుమ్మాల్లోంచి తీసేయండి. దొడ్లోకి దిగే మెట్టు అంచుకు పసుపు రంగు, పక్కన గోడకు ఇనుప కడ్డీ. మా ఇంట్లో వీటన్నిటికీ అయిన ఖర్చు ఒక మంచి మిక్సీ ధర కంటే తక్కువ.

వరుస చెప్పమంటే నేనైతే ముందు చోట్లు మార్చడం, రెండు రోజుల్లో వెలుతురు, నేల, ఆ నెలలో పొయ్యి, ఆ తర్వాతే బల్లలు, అరలు అంటాను. ఒకేసారి అన్నీ మార్చొద్దు. ఒకటి మార్చి, రెండు వారాలు ఆగి, మళ్లీ ఓ పూట కుర్చీ వేసుకుని కూర్చుని చూడండి.

అమ్మ ఒక్క విషయంలో నన్ను నెగ్గనివ్వలేదు. వసారాలో నేలలో పాతిన రోలు తీయించనన్నది. దాని దగ్గర కూర్చుంటే లేవలేదని తనకూ తెలుసు. చివరికి కుదిరిన ఒప్పందం ఏంటంటే రోలు అక్కడే ఉంటుంది, రోకలి నా దగ్గర ఉంటుంది. గోంగూర పచ్చడి కావాలంటే నేను రోకలి పట్టుకుని తెనాలి వెళ్లాలి.